ఇల్లు కట్టే ముందు: మన నేల, మన గ్రామసభ, మన అనుమతి
(యువజన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మనం ఎక్కువగా మన పాట గురించి, థింసా గురించి, గుస్సాడీ గురించి, కొమ్ము నృత్యం గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. ఈ రోజు మాత్రం ఆ ఆట ఆడే నేల గురించి, ఆ నేల మీద పునాది తవ్వే ముందు చేయాల్సిన పనుల గురించి చెప్పదలచుకున్నాం. వినడానికి ఇది ఆఫీసు వ్యవహారంలా ఉంటుంది. కానీ ఈ నాలుగైదేళ్లలో మా దగ్గరకు వచ్చిన యువతలో ఎక్కువమంది అడిగిన ప్రశ్నలు ఇవే.

"నాన్న పేరు మీద ఉన్న భూమిలో రోడ్డు పక్కన రెండు గదులు వేసి పర్యాటకులకు అద్దెకిస్తే ఎవరి అనుమతి కావాలి?" "పోడు పట్టా ఉన్న చోట పక్కా ఇల్లు కట్టుకోవచ్చా?" "పట్నం నుంచి ఒకాయన వచ్చాడు, డబ్బు ఆయనది, పేరు నాది, సరేననమంటారా?" "మన ఊళ్లో మన భూమి, మళ్లీ పంచాయతీని అడగడం ఏమిటి?"

ఈ నాలుగు ప్రశ్నలకూ సమాధానం చెప్పడమే ఈ ప్రసంగం పని.

అనుమతి మనకు కొత్తది కాదు

ముందు చివరి ప్రశ్న తీసుకుందాం. ఇల్లు కట్టే ముందు అడగడం మనకు సర్కారు నేర్పిన అలవాటు కాదు. సవర పల్లెల్లో ఇంటి చోటు ఎంచుకున్నాక, నేల చదును చేసి, బియ్యపు గింజలు పెట్టి, మీద కప్పి, మరునాడు తీసి చూసే ఆచారం ఉండేది. గింజలు చెదరకుండా ఉంటే ఆ చోటు మంచిది. లేకపోతే ఇంకో చోటు చూసుకోవాలి. గోండు గూడేల్లో పటేల్ మాట, దేవారి మాట లేకుండా కొత్త గూడెం కట్టేవారు కాదు. ఊరి దేవత రాయి ఉన్న చోట, తాతల సమాధి రాళ్లున్న చోట, నీళ్లు దిగివచ్చే గెడ్డ దారిలో ఎవరూ గుంజ పాతేవారు కాదు. ఎక్కడ దున్నాలి, ఎక్కడ పశువులు మేయాలి, ఎక్కడ ఇళ్లుండాలి, ఏ చెట్టు కింద పంచాయితీ కూర్చోవాలి అన్నది ఊరందరికీ తెలుసు.

పట్టణాల్లో దీన్నే మాస్టర్ ప్లాన్ అంటారు. ఊరి పటం మీద రంగులు వేసి, ఇది నివాసాల జోన్, ఇది వాణిజ్యం, ఇది పరిశ్రమలు, ఇది వ్యవసాయం అని విడగొడతారు. వ్యవసాయ జోన్‌లో అపార్టుమెంటు కడతానంటే కుదరదంటారు. మన కొండ గ్రామాల్లో చాలావాటికి అలాంటి రంగుల పటం లేదు. అందుకే ఇక్కడ ఏ నియమమూ లేదని బయటివాళ్లు అనుకుంటారు. మనలో కొందరూ అలాగే అనుకుంటున్నారు. నియమాలు ఉన్నాయి. అవి ఒక్క చోట లేవు, అంతే. కొన్ని భూమి చట్టాల్లో, కొన్ని పంచాయతీ చట్టాల్లో, కొన్ని అటవీ హక్కుల చట్టంలో, మిగిలినవి మన పెద్దల మాటలో ఉన్నాయి. వాటిని వరుసగా చూద్దాం.

మొదటి ప్రశ్న: ఇది ఏ రకం భూమి?

పునాది కొలతల కంటే ముందు చూడాల్సింది మీ చేతిలోని కాగితం. "మా భూమి" అన్న మాట వెనక నాలుగు రకాల భూములుంటాయి. నాలుగింటికీ నియమాలు వేరు.

ఒకటి, సెటిల్‌మెంట్ పట్టా భూమి. ఆంధ్ర ఏజెన్సీలో ముఠాలు, మహళ్లు రద్దయ్యాక, 1969, 1970లలో వచ్చిన రెగ్యులేషన్ల కింద సర్వే జరిగి తాత ముత్తాతల పేర్ల మీద వచ్చిన పట్టాలివి. ఇది మీ సొంత భూమి. కానీ చాలా ఇళ్లలో పట్టా ఇంకా తాత పేరు మీదే ఉంటుంది. తాతకు నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లుంటే, మీరు ఒక్కరే కట్టడం మొదలుపెట్టిన రోజునే తగాదా కూడా మొదలవుతుంది. ముందు వారసత్వం రాయించుకోండి. పంపకం జరిగితే సర్వేయరుతో హద్దులు కొలిపించుకోండి. కట్టడం ఆ తర్వాతి మాట.

రెండు, డి-పట్టా. ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. దీన్ని అమ్మకుండా కాపాడే చట్టం 1977లో వచ్చింది. ఈ పట్టా ఏ పని కోసం ఇచ్చారో దాని మీదే రాసి ఉంటుంది, సాగుకా, ఇంటి స్థలానికా అని. సాగుకిచ్చిన భూమిలో వ్యాపార భవనం కడితే షరతు తప్పినట్టు అవుతుంది, పట్టా రద్దు చేస్తామని నోటీసు రావచ్చు. కాబట్టి పట్టా వెనక ఉన్న షరతులు ఒకసారి చదవండి. చదవడం రాని అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

మూడు, అటవీ హక్కుల పట్టా. మనం ఆర్ఓఎఫ్ఆర్ పట్టా అంటున్నాం, తెలంగాణలో పోడు పట్టా అంటున్నారు. 2006 చట్టం ఇచ్చినది. ఇందులో చాలామందికి తెలియని మాటలు నాలుగున్నాయి. ఆ చట్టం గుర్తించిన హక్కు సాగుకు మాత్రమే పరిమితం కాదు, నివాసానికి కూడా ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి మీ కుటుంబం అనుభవంలో ఉన్న మేరకే, అదీ 4 హెక్టార్లు మించకుండా ఆ హక్కు ఉంటుంది. పెళ్లయినవారికి పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి. ఈ హక్కు పిల్లలకు సంక్రమిస్తుంది, కానీ అమ్మడానికీ, ఇంకొకరికి బదిలీ చేయడానికీ వీల్లేదు. కాబట్టి పోడు పట్టా భూమిలో మీరు ఉండడానికి ఇల్లు వేసుకోవడం ఒక సంగతి. అదే భూమిలో లాడ్జి కట్టి బయటివాడి చేతికి ఇవ్వడం పూర్తిగా వేరే సంగతి. రెండోదానికి ఆ పట్టా పనికిరాదు. పట్టాలో గుర్తించిన హద్దు దాటి ఒక్క గుంజ పాతినా అది అటవీ భూమిలో కట్టినట్టే లెక్క.

నాలుగు, గ్రామకంఠం. ఊరి ఇళ్లున్న చోటు. ఇక్కడ తరతరాలుగా ఇళ్లున్నా కాగితాలు తక్కువ. పక్కనే రాస్తా, బావి, పశువుల బాట, ప్రభుత్వ పోరంబోకు ఉంటాయి. ఎక్కడ మీ చోటు ఆగిపోతుందో, ఎక్కడ ఊరి చోటు మొదలవుతుందో ముందే తేల్చుకోవాలి.

ఇంటికి వెళ్లాక మీ కుటుంబ భూమి ఈ నాలుగింటిలో ఏదో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 1బి, అడంగల్ తీయించండి. తెలంగాణలో పహాణీ, పాసుపుస్తకం చూడండి. అక్కడ 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. పాత పేర్లు, పాత విస్తీర్ణాలు సరిగ్గా ఎక్కాయో లేదో ఇప్పుడే చూసుకుంటే మంచిది. కట్టడం మొదలైన తర్వాత తప్పు బయటపడితే దిద్దించుకోవడం కష్టం.

రెండో ప్రశ్న: డబ్బు ఎవరిది, పేరు ఎవరిది?

అరకు, లంబసింగి, వంజంగి పేర్లు ఇప్పుడు దేశమంతా తెలుసు. చలికాలంలో మేఘాలు చూడ్డానికి జనం తెల్లవారుజామునే కొండెక్కుతున్నారు. గుడారాలు, హోటళ్లు, రిసార్టులు వెలుస్తున్నాయి. మన పిల్లలకు పని దొరకడం సంతోషమే. అయితే ఈ కట్టడాల వెనక ఒక పాత మోసం కొత్త చొక్కా వేసుకుని వచ్చింది. "నీ పేరు, మా డబ్బు."

మన భూమిని కాపాడే చట్టం చాలా పాతది. 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ మీద మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959లో భూబదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1970లో సవరించారు. అదే మనం పిలుచుకునే 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికే కాదు, గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికి బదిలీ చేసినా చెల్లదు. గిరిజనుడికి గానీ, సభ్యులందరూ షెడ్యూల్డ్ తెగలవారే అయిన సహకార సంఘానికి గానీ మాత్రమే బదిలీ చేయవచ్చు. ఇక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే.

"బదిలీ" అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటే పొరపాటు. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి, ఆ ఆస్తి గురించి రాసుకునే ఒప్పందం కూడా అందులోకే వస్తాయి. ముప్పై ఏళ్ల లీజు అని రాసినా, భాగస్వామ్యం అని రాసినా, నిర్వహణ ఒప్పందం అని రాసినా, పవరాఫ్ అటార్నీ అని రాసినా అధికారి చూసేది ఆ భూమి నిజంగా ఎవరి చేతిలో ఉందన్నది. స్టాంపు పేపరు మీద పేరు మార్చినంత మాత్రాన పని మారదు.

1997 జూలైలో సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు ఇచ్చింది. అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల మన ప్రజల భూముల్లో గనుల లీజుల మీద నడిచిన కేసది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఒక "వ్యక్తి" కిందికే వస్తుంది కాబట్టి, గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజులివ్వడం చెల్లదని ఆ తీర్పు చెప్పింది. ప్రభుత్వమే ఇవ్వలేని లీజును మన తమ్ముడు ఒక వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఇవ్వగలడా? ఆలోచించండి.

ఇప్పుడు ఆ "నీ పేరు, మా డబ్బు" బేరం ఎలా నడుస్తుందో చూద్దాం. భవనం మీ పేరు మీద ఉంటుంది. కరెంటు మీటరు మీ పేరు మీద ఉంటుంది. అనుమతి దరఖాస్తు మీద సంతకం మీదే. గదుల అద్దె మాత్రం ఫోనులో వేరేవాళ్ల ఖాతాకు పోతుంది. నెలకింత అని మీకు జీతం ఇస్తారు. అనుమతి లేదని నోటీసు వస్తే మీ పేరుకే వస్తుంది. బకాయి పడితే మీదే. ఎవరైనా ఫిర్యాదు చేసి భూబదలాయింపు కేసు నడిస్తే ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు ముందు నిలబడేదీ మీరే. పైగా చట్టాన్ని తప్పించి బదిలీ చేయడం నేరం కింద కూడా వస్తుంది. సొంత భూమిలో వాచ్‌మన్ కావడానికి ఇంత బాధ్యత ఎందుకు నెత్తిన వేసుకోవాలి?

"మరి మా దగ్గర డబ్బు లేదు, బ్యాంకు ఇవ్వదు" అంటారు. ఈ బాధ నిజమే. 1/70 వల్ల తాకట్టు పెట్టలేమని బ్యాంకులో కూడా చెప్పి పంపేస్తారు. అయితే అదే రెగ్యులేషన్‌లో ఒక వెసులుబాటు ఉంది. గిరిజనుడు తన భూమిని, స్వాధీనం తన దగ్గరే ఉంచుకుని, సహకార సంఘానికో, బ్యాంకుకో, ప్రభుత్వం ఆమోదించిన ఆర్థిక సంస్థకో తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చు. అప్పు తీరకపోయినా ఆ భూమిని గిరిజనులకే అమ్మాలి. అప్పు అడగడానికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పండి. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా ఇమ్మనండి. ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఆ కాగితం చూపించండి. ఒకరు వెళ్తే వినకపోవచ్చు. స్వయం సహాయక సంఘంగా, పదిమంది కలిసిన సహకార సంఘంగా వెళ్తే మాట వేరుగా ఉంటుంది.

షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉన్న మన గూడేలవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకొక హెచ్చరిక. 1/70 మీ ఊరికి వర్తించదు. మీ భూమికి డి-పట్టా షరతో, అటవీ హక్కుల చట్టమో మాత్రమే రక్షణ. కాబట్టి మీరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మూడో ప్రశ్న: గ్రామసభ ఏమంటోంది?

1996లో పీసా చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ దాని నియమాలను 2011లో తెచ్చింది. అవే నియమాలు తెలంగాణ షెడ్యూల్డ్ ప్రాంతాలకూ వచ్చాయి. ఈ చట్టం ప్రకారం గ్రామసభ అంటే పంచాయతీ పాలకవర్గం కాదు. ఓటరు జాబితాలో పేరున్న మీరూ, మీ అమ్మా, మీ అత్తా, మీ పక్కింటి ముసలాయనా కలిస్తే గ్రామసభ. సర్పంచి, కార్యదర్శి, ముగ్గురు వార్డు సభ్యులు గదిలో కూర్చుని సంతకాలు పెట్టిన కాగితం గ్రామసభ తీర్మానం కాదు. ఈ తేడా మన యువతకు గట్టిగా తెలియాలి. ఎందుకంటే చాలా గొడవలు ఈ తేడాలోంచే పుడుతున్నాయి.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి అన్యాక్రాంతం కాకుండా అడ్డుకునే అధికారం, పోయిన భూమిని తిరిగి రప్పించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని పీసా చెబుతోంది. భూసేకరణకు ముందు సంప్రదించాలని చెబుతోంది. ఇసుక, కంకర వంటి చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు సిఫారసు తప్పనిసరి అంటోంది. ఇల్లు కట్టడానికి మీరు వాడే ఇసుక ఏ వాగులోంచి వస్తుందన్నది కూడా గ్రామసభ విషయమే.

మన సొంత ఇంటికి కూడా గ్రామసభలో ఒక మాట చెప్పడం మంచిదని మా అభిప్రాయం. రెండు గదుల సొంత ఇంటికి పెద్ద చర్చ అవసరం లేదు. కానీ హోటలు, హోమ్‌స్టే, గోదాము, ఇటుక బట్టీ, పెట్రోలు బంకు వంటివి వచ్చేటప్పుడు ఊరు కూర్చుని ఈ ప్రశ్నలు వేయాలి.

నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? మన కొండ ఊళ్లలో చాలావాటికి తాగునీరు ఊటల నుంచి గొట్టాల్లో దానంతట అదే కిందికి దిగివచ్చేదే. ఊటకు పైన ఇరవై గదుల భవనం కట్టి, దాని మరుగుదొడ్ల గొయ్యి అక్కడే తవ్వితే, కింద గ్రామం తాగేది ఏమిటి?

కొండను ఎంత కోస్తారు? చదును కోసం వాలును నిలువుగా కోసేస్తే వానాకాలం ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. ఘాట్ రోడ్ల మీద ప్రతి వానకూ చూస్తూనే ఉన్నాం.

చెత్త ఎక్కడికి పోతుంది? వచ్చే బండ్లు ఎక్కడ ఆగుతాయి? పశువుల బాట మూసుకుపోతుందా? దేవత చోటు, శ్మశానం పక్కన పడతాయా? రాత్రి పన్నెండు గంటలకు డీజే పెడితే ఎవరు ఆపుతారు? పనిలో ఊరివాళ్లకు చోటుందా?

ఈ సమాధానాలు తీర్మానాల పుస్తకంలో రాయించాలి. నోటిమాట కొండగాలికి పోతుంది.

కాగితం నడిచే దారి

ఇప్పుడు అసలు అనుమతి సంగతి. మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఎక్కువ ఊళ్లు గ్రామ పంచాయతీలే. రాజ్యాంగంలో పురపాలికల గురించిన భాగం, పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప, షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు. మందమర్రి వంటి చోట్ల ఏళ్ల తరబడి పురపాలక ఎన్నికలు జరగకపోవడానికి ఈ చిక్కే కారణం. కాబట్టి పట్నంలో స్నేహితుడు చెప్పిన నిబంధన మన ఊరికి వర్తిస్తుందని అనుకోవద్దు. తెలంగాణ పట్టణాల్లో 2020 చట్టం కింద 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి బదులు నమోదు చాలు. అది పట్టణాల సంగతి. పంచాయతీలో పంచాయతీ దారే.

ఆ దారి ఇలా ఉంటుంది.

మొదట, భూమి కాగితాలు, సర్వే పటం, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ ఒక కవరులో పెట్టుకోండి.

తర్వాత, సాగుభూమిలో కడుతుంటే వ్యవసాయేతర వినియోగం సంగతి అడగండి. దీనికి రెండు రాష్ట్రాల్లోనూ 2006 నాటి ఒకే చట్టం ఉండేది. తెలంగాణలో ఇప్పుడు ఆ పని భూభారతి ద్వారా జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతి ఇటీవలే మారింది. రెండేళ్ల కిందటి రసీదు చూపించి ఇంత కట్టాలని మధ్యవర్తి చెబితే నమ్మకండి. ఇవాళ ఏది అమల్లో ఉందో సచివాలయంలోనో, తహసీల్దారు కార్యాలయంలోనో అడిగి కట్టండి.

మూడోది, ప్లాను. చేతిగీత సరిపోదు. చుట్టూ వదలాల్సిన ఖాళీ, గదుల కొలతలు, మెట్లు, సెప్టిక్ ట్యాంకు, బావి, రోడ్డు వెడల్పు చూపించే ప్లాను అర్హత ఉన్నవారితో గీయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు, గ్రామ సర్వేయర్లు ఉంటారు. వాళ్లను చోటు దగ్గరకు పిలిపించండి. అది వాళ్ల పని, మనకు చేసే ఉపకారం కాదు.

నాలుగోది, దరఖాస్తు. పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు ఇవ్వనట్టే. పెద్ద భవనమైతే పంచాయతీ ఒక్కటే ఇవ్వలేదు, పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ సాంకేతిక ఆమోదం కూడా కావాలి. మీ భవనం ఏ లెక్కలోకి వస్తుందో దరఖాస్తు చేసేటప్పుడే అడగండి.

ఐదోది, ఇరుగుపొరుగు శాఖలు. అడవి అంచున ఉంటే అటవీ శాఖతో హద్దు తేల్చుకోవాలి. రోడ్డు పక్కన ఉంటే ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి మన ఏజెన్సీ నడుమ నుంచే పోతోంది. ఇలాంటి రోడ్ల పక్కన ఎంత దూరం వదలాలి, విస్తరణకు ఏ భూమి పోతుంది అన్నది అడగకుండా కట్టిన దుకాణం రెండేళ్లకే పోవచ్చు. అనుమతి లేని కట్టడానికి పరిహారం అడగడం కూడా కష్టమవుతుంది.

ఆరోది, పని. అనుమతి చేతికి వచ్చాకే పునాది. ప్లానులో ఒక అంతస్తు ఉంటే ఒక అంతస్తే.

ఎక్కడైనా ఆపితే? "పై నుంచి ఆర్డరు లేదు", "రేపు రా" అంటే? అడిగింది రాసి ఇవ్వండి, కాదన్నది రాసి తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. ఆంధ్రప్రదేశ్ నియమాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఒక్క టీ ఖర్చుతో ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకోవచ్చు.

మా సంఘ భవనం మాట

మీలో కొందరు అడిగారు, "సంఘానికి సొంత భవనం ఎప్పుడు?" అని. మాకూ ఆత్రంగానే ఉంది. డప్పులు, డోళ్లు, కొమ్ములు తలా ఒక ఇంట్లో దాచుకుంటున్నాం. రోడ్డు పక్కన స్థలం కొనిపెట్టి హాలు కట్టిస్తామని ఒకరు ముందుకొచ్చారు. పై అంతస్తు మాత్రం పాతికేళ్లు వాళ్ల వాడకానికి ఇవ్వాలన్నారు. మేము కూర్చుని ఆలోచించాం. స్థలం మాలో ఒకరి పేరు మీద పెట్టాలి. పైన వాళ్లు వ్యాపారం చేస్తారు. ఇంతసేపూ మీకు వద్దని చెప్పిన బేరమే ఇది. దండం పెట్టి వద్దన్నాం. హాలు ఆలస్యమవుతుంది. కానివ్వండి.

మరో దారి ఉంది. అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ కింద బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, తాగునీటి పథకం, రోడ్డు, సామాజిక భవనం వంటి 13 రకాల సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వవచ్చు. ఒక్కోదానికి హెక్టారు లోపే ఉండాలి, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకూడదు, ప్రభుత్వ నిర్వహణలో ఉండాలి, అన్నిటికీ మించి గ్రామసభ సిఫారసు ఉండాలి. సామాజిక భవనం ఈ జాబితాలో ఉంది. మన హాలు ఊరందరి సామాజిక భవనంగా, గ్రామసభ అడిగిన భవనంగా రావాలని మా ఆలోచన. దాని మీద సంఘం బోర్డు లేకపోయినా ఫరవాలేదు. మన డోలు అక్కడ మోగితే చాలు.

చివరగా

మనలో చదువుకున్నవాళ్లే కొందరు అంటున్నారు, "1/70 వల్ల మన భూమికి ధర లేదు, పక్క మండలంలో సెంటు లక్షలు పలుకుతోంది" అని. నిజమే, ధర తక్కువే. కానీ ధర అమ్మేవాడికి ఒక్కసారే వస్తుంది. మైదానం అంచుల్లో భూములు అమ్ముకుని, అదే భూమిలో కూలికి పోతున్న కుటుంబాలు మనకు తెలియనివి కావు. బజారు ధర వచ్చిన చోట మనవాళ్లు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టి, ఆ తర్వాత ఈ మాట అనండి.

ఇంకొక మాట, ఇది కొంచెం చేదుగా ఉంటుంది. మనవాళ్లు కూడా అనుమతి లేకుండా కడుతున్నారు. గెడ్డ గట్టు మీద దుకాణం వేస్తున్నారు. ఊరి బాటలోకి రెండడుగులు జరుపుతున్నారు. "మనవాడే కదా" అని ఊరు ఊరుకుంటోంది. రేపు బయటివాడు వచ్చి అదే గెడ్డ మీద మూడంతస్తులు లేపినప్పుడు మనం అడ్డుపడితే, వాడు మన దుకాణమే చూపిస్తాడు. కోర్టులోనూ చూపిస్తాడు. మన కోసం పోరాడి తెచ్చుకున్న చట్టాన్ని మనమే పట్టించుకోకపోతే, దాన్ని పట్టుకుని నిలబడే చోటు మనకే ఉండదు. అందుకే రెండు గదుల ఇంటికైనా కాగితం తీసుకోండని ఇంత గట్టిగా అడుగుతున్నాం.

ఇక్కడి నుంచి వెళ్లాక మూడు పనులు చేయండి. మీ కుటుంబ భూమి ఏ రకమో, ఎవరి పేరు మీద ఉందో తెలుసుకోండి. మీ ఊరి పటం ఒకటి గీయండి. ఊటలు, గెడ్డలు, దేవత చోట్లు, శ్మశానం, పశువుల బాటలు, ఇళ్ల చోటు పెద్దలను అడిగి గుర్తుపెట్టండి. దాన్ని గ్రామసభ ముందు పెట్టి, ఎక్కడ కట్టవచ్చో, ఎక్కడ కట్టకూడదో తీర్మానం రాయించండి. మన ఊరి మాస్టర్ ప్లాన్ అదే. మూడోది, వచ్చే గ్రామసభకు మీరు తప్పక వెళ్లండి, చెల్లెళ్లు ముందు వరుసలో కూర్చోండి, తీర్మానాల పుస్తకం చదివి వినిపించమని అడగండి.

పటం గీయడానికి, కాగితాలు చదవడానికి సాయం కావాలంటే సంఘంలో ఎవరినైనా పిలవండి. ఎంత దూరం గూడెమైనా వస్తాం.